ఓబులేసు ఇంట్లో ఏదీ చావదు

రాళ్లవాగుపల్లె ఓబులేసు నోటికి ఒకే ఒక్క మాట రాదు. అది "చచ్చిపోయింది" అనే మాట. మిగతా మాటలకు ఆయన దగ్గర కొదవేం లేదు. వెన్న కొనడానికొచ్చే సాయిబుతో తురకం మాట్లాడతాడు. దొనకొండ స్టేషన్ మాస్టరు కనబడితే సాయంత్రమైనా సరే "గుడ్ మార్నింగ్" అంటాడు. భార్య కృష్ణవేణమ్మతోనైతే పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మాట్లాడతానే ఉంటాడు. కానీ పక్కింటి ముసలామె రోశమ్మ పెరట్లో ఎండి మోడైపోయిన నిమ్మచెట్టును చూపించి, "దీనికేమైంది ఓబులేసూ?" అని అడగండి. "నిద్రపోతాంది" అంటాడు.

"అయ్యా, మొదలంతా చెదలు పట్టింది గదా!"

"పట్టనీ. నిద్రపోయేవాళ్లను దోమలు కుట్టవా?"

పోనీ, నిద్రపోయేవాటిని వాటి మానాన వాటిని వదిలేస్తాడా అంటే అదీ లేదు. నీడన ఆరబెట్టి, పాత పంచె ముక్కలో మూటగట్టి, అది లేచే రోజు కోసం ఇంట్లో చోటున్న తావున దాస్తాడు. ఆ ఇంట్లో చోటున్న తావులన్నీ కృష్ణవేణమ్మవి. ఉప్పుకుండ వెనకాల, ఉట్టి మీద, చివరకు ఆమె పుట్టింటి పెట్టెలో కూడా మూటలే. పెండ్లయి ముప్పై ఏండ్లయినా ఏ మూటలో ఏముందో తెలియక, ఆ తల్లి ముందు ముక్కు పెట్టి చూసి ఆ తర్వాతే చెయ్యి పెట్టేది.

దీనికంతా మూలం పెరుగు తోడు. మెట్ట పల్లెల్లో ఎండాకాలం గేదెలు వట్టిపోతే, పెరుగు మాట దేవుడెరుగు, తోడుకు కూడా చుక్క దొరకదు. అందుకని ఓబులేసు వాళ్లమ్మ గట్టి పెరుగులో శుభ్రమైన గుడ్డ ముంచి, నీడన ఆరబెట్టి దాచేది. మళ్లీ పాలు కండ్లబడిన నాడు ఒక పీలిక చించి గోరువెచ్చటి పాలల్లో వేస్తే తెల్లారేసరికి పెరుగు. చిన్నప్పుడు అది చూసినాడు ఓబులేసు. చూసి ఊరుకున్నాడా? పెరుగుకు పనికొచ్చిన ఉపాయం లోకానికంతా పనికొస్తుందని తీర్మానం చేసుకున్నాడు.

ఒకసారి కల్లు కుండ అడుగున మిగిలిన మడ్డిని గుడ్డకు పట్టించి ఆరబెట్టినాడు. తాను చుక్క ముట్టడు. కల్లు ఎట్ల నిద్రపోతాదో చూడాలని, అంతే. కృష్ణవేణమ్మ అది పెరుగు గుడ్డ అనుకొని పాలల్లో వేసింది. తెల్లారి చూస్తే మూత నేల మీద ఉంది, పెరుగు కుండ అంచు దిగి నడుచుకుంటూ వస్తాంది. పారబోయడానికి మనసొప్పక ఆమె దాన్నే చిలికింది. అంతలో ఏదో కాగితం పట్టుకొని మునసబు గంగయ్య వచ్చినాడు. వరసకు ఆమెకు అన్న.

"చెల్లా, ఇంత కమ్మటి మజ్జిగ నా జన్మలో తాగలే" అని నాలుగు గ్లాసులు తాగినాడు. ఇంటికి పోతూ దారిలో మైలురాయి ముందు వంగి దండం పెట్టి, "దొరగారూ, శిస్తంతా వసూలైపోయింది" అని విన్నవించుకున్నాడు. ఊరంతా చూసింది.

ఆనాటి నుంచి గంగయ్యకు ఒకటే పంతం. తాను బతికుండగా ఓబులేసు నోట "చచ్చిపోయింది" అన్న మాట ఒక్కసారన్నా వినాలి. దారిలో ఏం కనబడినా తెచ్చి ఓబులేసు ముందు పెట్టేవాడు. ఒకరోజు తాటాకు దొన్నెలో ఇంత తేలును తెచ్చినాడు. కాళ్లు ముడుచుకొని వెల్లకిలా పడుంది.

"బావా, ఇప్పుడు చెప్పు. ఇదేమైంది?"

"నిద్రపోతాంది. నీకు అనుమానముంటే వేలు పెట్టి చూడు."

గంగయ్య తేలు వైపు చూసినాడు, తన వేలు వైపు చూసుకున్నాడు. దొన్నె పట్టుకొని వచ్చిన దారినే పోయినాడు.

అన్నిటికన్నా ఓబులేసుకు పుట్టగొడుగుల మీద ఎక్కువ ప్రాణం. తొలకరి జల్లులకు పుట్టల మీద లేస్తాయి, మూడు రోజులుంటాయి, మాయమైపోతాయి. "ఏడాదికి మూడు దినాల బతుకేంది? ఇది న్యాయమేనా?" అని బాధపడేవాడు. తిన్నన్ని తిని మిగిలినవాటిని దారానికి గుచ్చి ఆరబెట్టేవాడు. చూరుకు వేలాడే ఆ దండలను చూసి, ఈ ఇంట్లో ఏం పండగని దారిన పోయేవాళ్లు అడిగేవాళ్లు. తర్వాత వాటిని నలిపి, పుట్టమన్ను కలిపి, పెరట్లో దిబ్బ పోసి మజ్జిగ చల్లేవాడు. ఏడేండ్లు చల్లినాడు. ఒక్క గొడుగు లేవలేదు.

"కుంభకర్ణుడన్నా ఆర్నెల్లకు లేచినాడు గదయ్యా" అనింది కృష్ణవేణమ్మ.

"ఆయన్ని లేపడానికి ఏనుగుల్ని తొక్కించినారే. నా దగ్గరుండేది మజ్జిగేనాయె" అన్నాడు ఓబులేసు.

ఇట్ల ఉండగా యుద్ధం రోజులొచ్చినాయి. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. ఉన్న నేలలోనే ఎక్కువ తిండి పండించండని సర్కారు ఊరూరికీ మనుషుల్ని పంపింది. రాళ్లవాగుపల్లెకు వచ్చినాయన పేరు శాంతయ్య, వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటరు. యాభైకి దగ్గర పడిన మనిషి, తలమీద టోపీ, చేతిలో గాజు సీసా. ఊరి జనాన్ని చావడి దగ్గర కూడేసి సీసా పైకెత్తి చూపించినాడు. లోపల గడ్డి ముక్కలు, వాటికి తెల్లటి దూది లాంటిది పట్టి ఉంది.

"ఇది స్పాన్. దీంతో వరిగడ్డి మీద పుట్టగొడుగులు పండించొచ్చు" అన్నాడు.

గంగయ్యకు "పాను" అని వినబడింది. ఆకూ వక్కా లేకుండా గడియ ఉండలేని మనిషాయె. సర్కారు వారి పాను ఎట్లుంటదో చూద్దామని సీసాలోంచి చిటికెడు తీసి, సున్నం రాసిన ఆకులో చుట్టి బుగ్గన పెట్టినాడు. ఆ తర్వాత మొగం పెట్టిన తీరు చూసి, ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఏడ్చినారు.

శాంతయ్య కంగారుపడి, "తినేది కాదండీ! ఇది కల్చరు... అంటే విత్తనం లాంటిది, కానీ విత్తనం కాదు... ఎట్ల చెప్పాలి..." అని నీళ్లు నమిలినాడు.

వెనక నుంచి ఓబులేసు లేచినాడు. "తోడంటారా సారూ?"

శాంతయ్య ఒక్క క్షణం ఆలోచించి ఎగిరి గంతేసినంత పని చేసినాడు. "తోడే! అచ్చంగా తోడే! ఇన్నేండ్ల నుంచి ఈ మాట కోసం వెతుకుతున్నానండీ!"

అంతే, ఇద్దరికీ జత కుదిరింది. ఓబులేసు కంభం చెరువు కింద నుంచి బండెడు వరిగడ్డి తెప్పించినాడు. గడ్డిని నానబెట్టి, కొట్టంలో పరుపు మీద పరుపు పేర్చి, నడుమ నడుమ ఆ తోడు పెట్టినారు. పదమూడో రోజుకు కోడిగుడ్ల మాదిరి గొడుగులు తోసుకొని వచ్చినాయి. కృష్ణవేణమ్మ కూర చేసి ఇంటింటికీ గిన్నెడు పంపింది. శాంతయ్య కూర తినకుండా గిన్నె వైపే చూస్తా కూర్చున్నాడు.

"ఏం సారూ, ఉప్పు చాలలేదా?" అనింది ఆమె.

"కాదమ్మా. నా సర్వీసులో నా చేత్తో పెట్టింది మొలవడం ఇదే మొదలు" అన్నాడాయన.

పాపం, నిజమే. ఆయన చెరుకు వేయించిన చోట చెదలొచ్చింది, నారింజ వేయించిన చోట కరువొచ్చింది. ఉద్యోగం పదకొండేండ్లుగా టెంపరరీ. తొమ్మిది ఊర్లు మారినాడు. ఆయన భార్య ఎలీషబా పెద్దగిన్నెలున్న గోనెసంచి మూతి విప్పడమే మానేసింది, ఎట్లయినా మళ్లీ కట్టాల్సిందే గదా అని. ఇప్పుడీ పంట సంగతి పైకి రాస్తే, పెద్ద ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తానన్నాడు. పంట కండ్లకు కనబడితే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే ఆ పోస్టే ఎత్తేస్తారు.

ఈలోగా మొదటి పరుపులు పండి, వాడి, నల్లబడినాయి. దిబ్బలో పారెయ్యమని అందరూ అన్నారు. ఓబులేసు ఏమన్నాడో మళ్లీ చెప్పాల్సిన పనిలేదు. ఆ గడ్డిలో అక్కడక్కడా ఎర్రటి పొడి మాదిరి మచ్చలు కనబడినాయి. "ఇదిగో, ఇదే దాని ప్రాణం. ముసుగుదన్ని పడుకుంది" అని ఏరి పెట్టుకున్నాడు.

"సారూ, మీ పెద్ద కాలేజీలో దీన్ని ఎట్ల దాస్తారు?" అని అడిగినాడు.

"ఐసు బీరువాలో పెట్టి దాస్తారని విన్నానండీ. చలికి ఎక్కడిదక్కడ నిలిచిపోతుందట."

ఇంక ఓబులేసును పట్టేదెవరు? దొనకొండలో సోల్జర్ల క్యాంపుకు రైల్లో ఐసు వస్తుందని తెలిసి, అక్కడి వంటవాడికి బస్తా వేరుశెనక్కాయలిచ్చి మేక తలకాయంత గడ్డ సంపాదించినాడు. ఊకలో పెట్టి, గోనె చుట్టి, పైన కంబళి కప్పి, నాలుగు కోసులు బండి తోలుకొచ్చినాడు. ఇంటికొచ్చి విప్పితే నిమ్మకాయంత మిగిలింది. ఊరు ఊరంతా వరస కట్టి చూసింది. రోశమ్మ వేలు పెట్టి, "అమ్మో, కాలింది నాయనో!" అని కేకేసి ఆ వేలికి వెన్న రాసుకుంది. ఆ నిమ్మకాయంత ఐసును ఓబులేసు గుప్పెడు తోడు గడ్డి మధ్య పెట్టినాడు. కాసేపటికి అది నీళ్లలో నానింది. మూడో రోజుకు వీధి చివరిదాకా వాసన.

గంగయ్య ముక్కు మూసుకొని పరుగున వచ్చినాడు. "బావా, ఇప్పుడన్నా ఒప్పుకో. ఇదేమైంది?"

"నిద్రపోతాంది."

"మరి ఈ కంపేంది?"

"నిద్రలో ఎవరన్నా స్నానం చేస్తారా బావా?"

మిగిలిన గడ్డిని ఎప్పటిలాగే నీడన ఆరబెట్టి, మూటగట్టి, కృష్ణవేణమ్మ పెండ్లి చీర మడతల్లో పెట్టినాడు. ఆమె ఆ చీర దులిపి దులిపి తిట్టి, మళ్లీ ఆ మూటను ఆ మడతలోనే పెట్టింది.

పెద్ద ఆఫీసరు వచ్చే తేదీ తెలిసినాక శాంతయ్య పోయి కొత్త సీసాలు తెచ్చినాడు. రైలు దిగేదాకా వాటిని పసిబిడ్డల్ని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి బొగ్గు బస్సు. పెట్రోలు కరువై బస్సులు బొగ్గు మంట మీద నడిచే రోజులవి. లోపల కాలు పెట్టే సందు లేదు. సీసాలకు దెబ్బ తగలకూడదని బస్సు వెనక బిగించిన బొగ్గు పొయ్యి పక్కన పెట్టించినాడు, అక్కడైతే ఎవరూ కూర్చోరని. కూర్చోరు మరి, ఆ వేడికి ఎవరు కూర్చుంటారు? దిగి చూస్తే సీసాల్లో తెల్లటి దూది కాస్తా ఉడికిన తవుడు రంగుకు తిరిగింది.

శాంతయ్య సీసా మూత తీసి ఓబులేసు ముక్కు దగ్గర పెట్టినాడు. "నిజం చెప్పండి ఓబులేసు గారూ. చచ్చిపోయిందా?"

ఓబులేసు వాసన చూసినాడు. సారు మొగం చూసినాడు. "నిద్రపోతాంది సారూ. పరుపు వెయ్యండి, లేస్తాది."

కొట్టంలో పెద్ద పరుపు శాంతయ్యది. దానికి ఇంగిలీషులో బోర్డు కూడా పెట్టినారు. ఒక మూల చిన్న పరుపు ఓబులేసుది, చీర మడతల్లోని తోడుతో వేసింది. ఐదో రోజుకు మూలపరుపులో సాలెగూడు పోగుల్లాగా తెల్లటి దారాలు అల్లుకున్నాయి. కృష్ణవేణమ్మ కండ్లు పెద్దవి చేసుకొని చూసింది. ముప్పై ఏండ్లలో మొట్టమొదటిసారి మొగుడు దాచింది నిజంగా నిద్ర లేచింది! పెద్ద పరుపులో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. పులిసిన వాసన ఒకటి.

శాంతయ్య పొద్దునా సాయంత్రం వచ్చి టోపీ చేతబట్టుకొని ఆ పరుపు ముందు నిలబడేవాడు. మూలకు చూపు పోనిచ్చేవాడే కాదు. "లేస్తుందంటారా?" అనేవాడు. "ఒళ్లు విరుచుకుంటాంది సారూ. మీరు పోయి అన్నం తినండి" అనేవాడు ఓబులేసు.

ఆయన వీధి దాటగానే కృష్ణవేణమ్మ మొగుడి మీద లేచింది. "ఏందయ్యా ఆ అబద్ధాలు? ఉన్నమాట చెప్తే ఇంకో సీసా తెచ్చుకుంటాడు గదా!"

"సీసా రావాలంటే ఇరవై దినాలు పడతాది. దొర వచ్చేది తొమ్మిది దినాల్లో."

"అయితే ఏం చేస్తావు?"

ఓబులేసు మూలపరుపు దగ్గరికి పోయి తెల్లదారాలను వేలితో తడిమి చూసినాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా చేలల్లో ఉంది. కొడవలి మరిచిపోయిందని కృష్ణవేణమ్మ ఇంటికొచ్చింది. కొట్టంలో చప్పుడైతే తొంగి చూసింది. ఓబులేసు తన చిన్న పరుపును పీకుతాండాడు. తెల్లదారాలు పట్టిన గడ్డిని దోసిళ్లతో తీసి, పెద్ద పరుపులో పొర పొరకూ సందు చేసి దూరుస్తాండాడు. పురిటి పిల్లను పక్క మీద పడుకోబెట్టినంత నెమ్మదిగా. తనది ఒక్క పోచ మిగుల్చుకోలేదు; పెద్ద పరుపులోంచి తీసిన పులిసిన గడ్డిని మూలన తన పరుపు చోట పేర్చినాడు. ఆమె కొడవలి సంగతే మరిచిపోయి, వచ్చినంత మెల్లగా వెనక్కి తిరిగి పోయింది.

అనుకున్న రోజున పెద్ద ఆఫీసరు బండి దిగినాడు. కొట్టం నిండా జనం. శాంతయ్య పెద్ద పరుపు మీది తడిగోనె తీసినాడు. తెల్లగా, నున్నగా, గుత్తులు గుత్తులుగా గొడుగులు! శాంతయ్య ఒక గొడుగును వేలితో తాకి, అది అక్కడే ఉందని నమ్మకం కుదిరాక రెండో దాన్ని తాకినాడు. ఆఫీసరు కండ్లద్దాలు సర్దుకొని, "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. అప్పుడు మూలన నల్లగా కుంగిపోయి ఉన్న పరుపు ఆయన కంటబడింది.

"అదేమిటి?"

గంగయ్య ఈ గడియ కోసమే పుట్టినట్టు ముందుకొచ్చినాడు. "అది మా ఓబులేసు సొంత సేద్యం దొరగారూ. సర్కారు సీసా అక్కర్లేదట. ఇంట్లోనే తోడు ఆరబెట్టి దాస్తాడంట, మళ్లీ లేస్తాదంట."

జనం నవ్వినారు. ఆఫీసరు నవ్వలేదు. మూలకు పోయి వంగి చూసినాడు. "ఆరబెట్టిన స్పాన్ మళ్లీ లేస్తుందా? ఇది ముఖ్యమైన సంగతే. రైతులే ఇంట్లో దాచుకోగలిగితే ఇంత దూరం సీసాలెందుకు, ప్రతి ఊరికీ ఒక మనిషెందుకు? ఆ ఖర్చంతా మిగులుతుంది" అని జేబులోంచి నోటుబుక్కు తీసినాడు. "ఏమయ్యా, నువ్వే చెప్పు. ఇది ఏమైంది?"

శాంతయ్య చేతిలోని టోపీ కింద పడింది. జనమంతా ఓబులేసు నోటి వైపు చూసినారు. ఆ నోట ఏ మాటొస్తుందో పుట్టిన పిల్లకాడి నుంచి అందరికీ తెలుసు. గంగయ్యయితే పెదాలతో ముందే పలుకుతాండాడు, "నిద్ర..." అని.

ఓబులేసు నోరు తెరిచి మూసినాడు. మళ్లీ తెరిచినాడు.

"చచ్చిపోయింది దొరా."

కొట్టంలో ఆవు నెమరు వేయడం ఆపింది.

"ఏమన్నావు?"

"చచ్చిపోయింది. ఆరబెడితే బతకదు దొరా. సారు తెచ్చే సీసానే కావాల. అది కూడా సారు చెయ్యి పడితేనే."

రోశమ్మ గబగబా వచ్చి ఓబులేసు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "నాయనా, ఒంట్లో బాగుందా? కాక ఏమన్నా తగిలిందా?" ఆఫీసరు నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. శాంతయ్య పోస్టు పర్మనెంటుకు రాస్తానని అక్కడే అందరి ముందరా చెప్పినాడు.

సాయంత్రానికి ఊర్లో పండగే. గంగయ్య ఇంటింటికీ బెల్లం పంచినాడు. "ఒప్పుకున్నాడు! నా చెవులారా విన్నా!" అని పిలిచి మరీ చెప్పుకున్నాడు. శాంతయ్య వచ్చి ఓబులేసు రెండు చేతులూ పట్టుకొని, "మీది పోయిందని నాకు ఎంత బాధగా ఉందో తెలుసా అండీ" అని కండ్లు తుడుచుకున్నాడు. ఓబులేసు "పోనీలెండి సారూ" అన్నాడు.

ఆయన పోయినాక కృష్ణవేణమ్మ మొగుణ్ణి వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చింది. గోలెం దగ్గర గొంతుక్కూర్చొని పుక్కిలించి ఉమ్ముతాండాడు. మళ్లీ పుక్కిలిస్తాండాడు.

"కొట్టంలో నువ్వు చేసింది నేను చూసినా" అనింది.

"చూస్తే చూసినావులే. ఎవరికీ చెప్పబాక."

"ముప్పై ఏండ్లలో ఆ మాట నోట రానీయలేదు. మన తలుపు గడియ చచ్చిందంటే దాన్ని కూడా నిద్రపోతాంది అన్నావు. బతికుండేదాన్ని పట్టుకొని ఇయ్యాల చచ్చిందని ఎట్ల అన్నావయ్యా?"

ఓబులేసు నోట్లో నీళ్లు ఉమ్మేసి ఆమె వైపు చూసినాడు. "ఎవరన్నా ఆశపెట్టుకొని మన ముందర పెట్టి ఏమైందని అడుగుతారు. వాళ్లది చచ్చిందని మనమెట్ల అంటామే? నోరెట్ల వస్తాది? ఇది మనదే గదా, అనొచ్చు."

కృష్ణవేణమ్మకు ఈయన పిచ్చి తెలిసిందేలే అనుకొని ముప్పై ఏండ్లు కాపురం చేసినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"అయితే ఇంకా ఎందుకట్ల పుక్కిలిస్తాండావు?"

"పోవడం లేదే ఆ మాట. చేదుగా ఉంది" అన్నాడు ఓబులేసు.

కృష్ణవేణమ్మ పక్కన కూర్చొని, గోలెంలో చెంబు ముంచి, ఆయన దోసిట్లో ఇంకాసిని నీళ్లు పోసింది.